రాసే కాగితం వేరు, చేత్తో పట్టుకునే కాగితం వేరు

ఆగస్టు దగ్గర పడుతోంది. జెండా వందనాలు, తెలుగు భాషా దినోత్సవాలు, కాలేజీల్లో ఫ్రెషర్స్ డేలు అన్నీ వరసగా ఉంటాయి. అందుకే కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ప్రసంగానికి పాయింట్లు ఎలా రాసుకోవాలన్నదాని గురించే. కొన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మేడమ్, మా కాలేజీలో వక్తృత్వ పోటీ ఉంది. అయిదు నిమిషాలు మాట్లాడాలి, అంశం మా ఊరి దగ్గర సముద్రతీరాన ఉన్న 'ఎర్రమట్టి దిబ్బలు'. నాలుగు పేజీలు రాసి బట్టీ పట్టాను. ఫ్రెండ్స్ ముందు చెప్పి చూస్తే మధ్యలో ఒక వాక్యం మర్చిపోయాను, అంతే, ఇంక ముందుకు పోలేకపోయాను. పాయింట్లు మాత్రమే రాసుకో అని మా అన్నయ్య అన్నాడు. అలా చేస్తే మాటలు రావట్లేదు, 'అంటే... అంటే...' అంటూ ఆగిపోతున్నాను. రెండిట్లో ఏది కరెక్ట్?
— డిగ్రీ విద్యార్థిని, భీమిలి

జవాబు: అమ్మా, నువ్వు నాలుగు పేజీలు రాయడం వృథా కాదు, మీ అన్నయ్య చెప్పింది తప్పూ కాదు. ప్రసంగానికి రెండు కాగితాలు కావాలి. ఒకటి ఇంట్లో కూర్చుని ఆలోచించడానికి, ఇంకొకటి స్టేజీ మీద చేత్తో పట్టుకోవడానికి. నువ్వు మొదటిదాన్ని స్టేజీ దాకా తీసుకెళ్లాలని చూశావు, మీ అన్నయ్య మొదటిది లేకుండానే రెండోదాన్ని రాయమంటున్నాడు, చిక్కు అక్కడే వచ్చింది.

బట్టీ పట్టినప్పుడు ప్రతి వాక్యాన్నీ దాని ముందున్న వాక్యమే గుర్తు చేస్తుంది, అందుకే ఒకటి జారిపోతే తర్వాతది ఎంత వెతుక్కున్నా దొరకదు. ఇది కొత్తవాళ్లకే జరుగుతుందనుకోకు. బ్రిటన్ ప్రధాని అయిన విన్‌స్టన్ చర్చిల్ కుర్రతనంలో ప్రసంగాలు కంఠతా పట్టి చెప్పేవాడు. 1904లో పార్లమెంటులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక వాక్యం మధ్యలో అంతా మర్చిపోయి, ఏం చేయాలో తోచక కూర్చుండిపోయాడు. ఆ తర్వాత నోట్సు లేకుండా జ్ఞాపకం మీదే ఆధారపడటం మానేశాడు. కాబట్టి ఆ రోజు ఫ్రెండ్స్ ముందు జరిగినదాన్ని మనసులో పెట్టుకోకు.

ఇక మొదటి కాగితం సంగతి. అన్నిటికంటే పైన ఒకే ఒక్క వాక్యం రాయి, విన్నవాళ్లు ఇంటికి వెళ్లేటప్పుడు ఏ మాట పట్టుకెళ్లాలని నీకుందో ఆ వాక్యం. 'ఎర్రమట్టి దిబ్బల గురించి' అన్నది వాక్యం కాదు, అది అంశం మాత్రమే. 'ఎర్రమట్టి దిబ్బలు ఏర్పడటానికి వేల ఏళ్లు పట్టింది, పోవడానికి కొన్నాళ్లు చాలు, కాబట్టి వాటి పక్కన ఉంటున్న మనమే వాటిని కాపాడాలి' అన్నది వాక్యం. ఇది కుదిరితే సగం పని అయిపోయినట్టే, నిజానికి అవుట్‌లైన్‌లో, అంటే ప్రసంగానికి ముందు వేసుకునే ఈ పాయింట్ల వరసలో, కష్టమంతా ఇక్కడే ఉంది. చాలామంది ఈ వాక్యం రాయకుండానే కింద పాయింట్లు మొదలుపెట్టేస్తారు, అందుకే వాళ్ల ప్రసంగంలో బోలెడు సంగతులుంటాయి కానీ ఏం చెప్పారంటే ఎవరూ చెప్పలేరు.

ఆ వాక్యాన్ని నిలబెట్టే పాయింట్లు మూడు రాయి, అయిదు నిమిషాలకి మూడు మించితే ఏదీ ఆనదు. ఇవి కూడా పూర్తి వాక్యాలుగానే ఉండాలి. మొదటిది, ఆ దిబ్బలు ఎలా ఏర్పడ్డాయి: సముద్రమట్టం పెరుగుతూ తగ్గుతూ వచ్చిన కాలాల్లో గాలి, అలలు మోసుకొచ్చిన ఇసుక వేల ఏళ్లపాటు పేరుకుంది, అందులోని ఇనుము ఆక్సీకరణం చెంది ఎర్రబడింది, వానలు దాన్ని కోసి లోతైన గండ్లు చేశాయి. రెండోది, ఇవి ఎందుకు అరుదు: మన దేశంలో ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు చాలా తక్కువ చోట్ల ఉన్నాయి, తమిళనాడులో 'తేరి' అనే ఎర్ర ఇసుక నేలలు అలాంటివే, మన దిబ్బల్ని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. మూడోది, వాటికి ఏం జరుగుతోంది, మనం ఏం చేయగలం. ప్రతి పాయింటు కింద నువ్వు రాసుకునే వివరం ఆ పాయింటుకే పనికొస్తోందా అని చూసుకో. ఉదాహరణకి, అక్కడ సినిమా షూటింగులు జరిగాయన్న విషయం నీకు ఇష్టమే కావచ్చు, కానీ అది ఎలా ఏర్పడ్డాయన్నదానికీ చెందదు, ఎందుకు అరుదన్నదానికీ చెందదు. దాన్ని మొదటి వాక్యానికి వాడుకో: 'సినిమాల్లో చూసిన ఎర్రమట్టి దిబ్బల దగ్గర మీలో ఎంతమంది ఫోటో దిగారు?' అని అడుగు, సగం హాలు చెయ్యెత్తుతుంది. యునెస్కో లాంటి వివరం పక్కన అది నీకు ఎక్కడ దొరికిందో కూడా రాసుకో, స్టేజీ మీద ఆ పేరు నోటితో చెప్తే జడ్జీలు నమ్ముతారు.

ఇప్పుడు నీ 'అంటే... అంటే...' దగ్గరికి వద్దాం. మనం సాధారణంగా పాయింటు మధ్యలో తడబడం, ఒక పాయింటు అయిపోయి ఇంకో పాయింటుకి వెళ్లే చోట తడబడతాం. అక్కడ ఏం చెప్పాలో ఎవరూ రాసుకోరు మరి. అందుకే మొదటి కాగితంలో రెండు పాయింట్ల మధ్య ఒక వంతెన వాక్యం పూర్తిగా రాయి. 'ఇది ఎలా ఏర్పడిందో చూశాం, మరి ఇలాంటివి ఇంకెక్కడున్నాయి?' లాంటిది చాలు. పెద్ద అలంకారాలేమీ అక్కర్లేదు.

ఈ కాగితం చూస్తూ గట్టిగా రెండు మూడుసార్లు చెప్పుకున్నాక రెండోది తయారుచెయ్యి. పోస్టుకార్డంత గట్టి అట్ట, పెద్ద అక్షరాలు, ఒకవైపు మాత్రమే రాయాలి. నీదైతే సుమారుగా ఇలా ఉండొచ్చు:

ఎంతమంది ఫోటో దిగారు? (చేతులు ఎత్తేదాకా ఆగు)
1. ఎలా: సముద్రం, గాలి, ఇనుము, వాన
మరి ఇంకెక్కడున్నాయి?
2. అరుదు: తేరి, భూవారసత్వం, యునెస్కో 2025
(వెనక వరస చూడు)
ఇంత విలువైనదాన్ని ఏం చేస్తున్నాం?
3. తవ్వకం, చెత్త, మనం
చివరి వాక్యం (పూర్తిగా)

మొదటి వాక్యం, చివరి వాక్యం, వంతెనలు మాత్రమే పూర్తిగా రాయాలి, మిగతావన్నీ ఒక్కో మాటే. ఈ కార్డు చూస్తూ నిలబడి చెప్పు. చెప్పిన ప్రతిసారీ మాటలు కొంచెం మారతాయి, మారనీ, అలా మారుతున్నాయంటే నువ్వు విషయాన్ని పట్టుకున్నావు, వాక్యాల్ని కాదు. టైము మాత్రం ఫోనులో చూసుకో. నిమిషానికి 130 పదాలు అని ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండే లెక్క మనకి సరిపోదు, తెలుగులో ఒక్కో పదం పొడుగ్గా ఉంటుంది, విభక్తులన్నీ అందులోనే కలిసిపోతాయి. ఇంట్లో నాలుగున్నర నిమిషాలు వస్తే స్టేజీ మీద అయిదుకి సరిపోతుంది.

ప్రశ్న: మన అవధానులు ఒక్క కాగితం ముక్క లేకుండా వేదిక మీద కూర్చుని, పృచ్ఛకులు ఎంత గోల చేసినా, చివర్లో పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్తారు కదా. అలాంటి సంప్రదాయం ఉన్న మనం ప్రసంగానికి చీటీలు రాసుకోవడం చిన్నతనం కాదా?
— సాహిత్యాభిమాని, అక్కయ్యపాలెం

జవాబు: అవధానమంటే నాకూ ప్రాణం అండీ. అయితే అవధాని దగ్గర కాగితం లేదు గానీ అవుట్‌లైన్ ఉంది. పద్యంలో యతి ఎక్కడ పడాలో, రెండో అక్షరానికి ప్రాస ఏం రావాలో, ఏ గణం తర్వాత ఏ గణం వస్తుందో అంతా ముందే నిశ్చయమై ఉంటుంది. ఒక మాట జారినా ఆ చోట పట్టే మాట ఎలాంటిదో ఛందస్సే చెప్తుంది, దానికి తోడు ఏళ్ల తరబడి సాధన ఉంటుంది. మన మామూలు వచనానికి ఆ అండ లేదు. కాబట్టి వచనంలో మాట్లాడేవాళ్లు ఆ వరసని కాగితం మీద ఏర్పాటు చేసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. కాగితం కనిపిస్తే సభకి అగౌరవం అనుకునే పెద్దలు ఇంకా కొందరున్నారు, నేను ఒప్పుకోను. సభకి అగౌరవమల్లా సిద్ధం కాకుండా వచ్చి అరగంట తినేయడం.

ప్రశ్న: స్టీల్ ప్లాంటులో నా సహోద్యోగి రిటైర్ అవుతున్నారు. వీడ్కోలు సభలో మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. ఇలాంటి సభల్లో అందరూ 'మృదుస్వభావి, అందరినీ కలుపుకుపోతారు' అనే అంటారు. పైగా నా వంతు వచ్చేసరికి నేను రాసుకున్న పాయింట్లన్నీ ముందువాళ్లు చెప్పేస్తారు. అప్పుడేం చేయాలి?
— ఉద్యోగి, గాజువాక

జవాబు: ఆయన పుట్టింది ఎక్కడ, చేరింది ఎప్పుడు, ప్రమోషన్ ఎప్పుడు అన్న వరసలో వెళ్లకండి, ఆ వరస ఆహ్వాన పత్రికలోనో సన్మాన పత్రంలోనో ఎలాగూ ఉంటుంది. ఆయనలో మీరు దగ్గరుండి చూసిన ఒక్క గుణం ఎంచుకోండి, దానికి రెండు సంఘటనలు రాసుకోండి. ఆ సంఘటనలకి చోటు, వేళ ఉండాలి. మీ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి కదా, 'ఆ రోజు గోదావరి దగ్గర నైట్ షిఫ్టులో' అని మీరు మొదలుపెట్టగానే హాల్లో ఆ షిఫ్టు చేసినవాళ్లందరూ తలెత్తి చూస్తారు. 'మృదుస్వభావి' అన్న మాట మీ కార్డు మీద ఉండనే వద్దు, సంఘటన సరిగ్గా చెప్తే ఆ మాట వాళ్లే అనుకుంటారు.

ముందువాళ్లు చెప్పేయడం గురించి మంచి ప్రశ్న అడిగారు, దీన్ని ఎవరూ పట్టించుకోరు. గుణాలు రాసుకుంటే పక్కవాళ్లు చెప్పేస్తారు, మీరు పక్కనే ఉండి చూసిన సంఘటన మాత్రం మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. అయినా కార్డు అడుగున ఇంకో చిన్న సంఘటన అదనంగా రాసి దాని చుట్టూ గీత గీసి ఉంచుకోండి. జేబులో పెన్ను ఉండాలి. మీ వంతు కోసం కూర్చున్నప్పుడు ఎవరైనా మీ మాట చెప్పేస్తే అక్కడికక్కడే కొట్టేసి, అదనంగా పెట్టుకున్నదాన్ని పైకి తెచ్చుకోండి. ఇందుకోసమే కార్డులో ఎప్పుడూ కొంత ఖాళీ వదలాలి.

ఇంకో సంగతి. మన సభల్లో సంబోధన ఒక పెద్ద పరీక్ష. 'వేదికనలంకరించిన...' అని మొదలుపెట్టి పక్కవాళ్ల హోదా తప్పు చెప్పడం, ఒక పేరు వదిలేయడం, దాంతో వచ్చే టెన్షన్‌లో అసలు ప్రసంగం చెడగొట్టుకోవడం చాలాసార్లు చూశాను. కార్డు మీద ఎప్పుడూ పూర్తిగా రాయాల్సినవాటిలో ఈ పేర్లు, హోదాలు కూడా ఉన్నాయి. ఆయన భార్య పేరు, పిల్లల పేర్లు కూడా రాసుకోండి. చివరి మాట సభకి కాకుండా ఆయనకి చెప్పాలి కాబట్టి అక్కడ 'ఆయన వైపు తిరగాలి' అని రాసుకోండి, లేకపోతే మైకుని చూస్తూనే శుభాకాంక్షలు చెప్పేస్తాం.

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. ఆగస్టు 15కి పిల్లల చేత అల్లూరి సీతారామరాజు గురించి చెప్పిస్తాం. ప్రతి ఏడూ మేమే రాసిస్తాం, వాళ్లు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేసి పరిగెత్తుతారు. ఆరో తరగతి పిల్లలకి అవుట్‌లైన్ నేర్పించొచ్చా?
— ఉపాధ్యాయిని, పెందుర్తి

జవాబు: తప్పకుండా నేర్పించొచ్చండీ, పెద్దవాళ్లకంటే వాళ్లకే తొందరగా వస్తుంది. ఆ వయసుకి అక్షరాల అవుట్‌లైన్ కంటే బొమ్మ మేలు. అల్లూరి కథకి మ్యాపు గీయించండి. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, ఈ మూడు చోట్లా చుక్కలు పెట్టి పక్కన తేదీ వేయించండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకుపోయారు. పిల్లలు వేలితో ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి వెళ్తూ కథ చెప్తారు, మర్చిపోవడానికి అక్కడ ఏమీ ఉండదు, అవన్నీ వాళ్లకి పేర్లు తెలిసిన ఊళ్లే. నాలుగో చుక్క ఆయన్ని కాల్చి చంపిన కొయ్యూరు, 1924 మే 7.

ఇది కాలం వరస. కొంచెం చురుకైన పిల్లలైతే కారణం వరస కూడా ప్రయత్నించండి: 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది, మన్యంలో పోడు వ్యవసాయానికి అడ్డు పడింది, బతుకుతెరువు పోయింది, తిరగబడ్డారు. 'ఎందుకు?' అని అడుగుతూ వెనక్కి వెళ్తే ఈ వరస పిల్లలే కనిపెడతారు. ఒకే కథ వరస మారిస్తే వేరే ప్రసంగం అవుతుందని వాళ్లకి ఆ వయసులోనే తెలిస్తే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

మీరు మాత్రం ప్రసంగం రాసివ్వకండి, దయచేసి. పిల్లని కూర్చోబెట్టి 'ఆయనలో నీకు ఏం నచ్చింది?' అని అడగండి, చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద నాలుగు మాటలుగా రాయండి. 'ముందే చెప్పి మరీ స్టేషన్ మీదకి వెళ్లాడు కదా టీచర్' అంటే ఆ మాటే రాయండి. అదే ఆ పిల్ల అవుట్‌లైన్. వాక్యాలు గ్రాంథికంగా ఉండవు, ఉండక్కర్లేదు.

ప్రశ్న: మా వీధికి రెండు రోజులకోసారి నీళ్లు వస్తున్నాయి, అవీ మురికిగా. వార్డు సమావేశంలో అధికారుల ముందు మాట్లాడటానికి ఆడవాళ్లందరూ నన్ను ముందుకు తోశారు. రెండు నిమిషాలే ఇస్తారట. నాకు కోపం వస్తే ఏడుపు కూడా వచ్చేస్తుంది. ఏం రాసుకోను?
— గృహిణి, కంచరపాలెం

జవాబు: అమ్మా, మీకు ఇచ్చేది రెండు నిమిషాలన్నా ఒకటిన్నరకే 'చాలమ్మా, కూర్చో' అనొచ్చు. కాబట్టి మీ అవుట్‌లైన్ ఎక్కడ ఆపేసినా నష్టం లేని వరసలో ఉండాలి. పోటీల్లో బలమైన మాట చివరికి దాచుకుంటాం, ఇక్కడ అది పనికిరాదు. అడగాల్సింది మొదటి వాక్యంలోనే అడిగేయండి: 'మా వీధికి రోజూ శుభ్రమైన నీళ్లు కావాలి, పైపులైను ఎప్పుడు చూస్తారో ఈ రోజు తేదీ చెప్పండి.' ఆ తర్వాత లెక్కలు: ఎన్ని ఇళ్లు, ఏయే తేదీల్లో నీళ్లు రాలేదు, ఎప్పుడు ఫిర్యాదు ఇచ్చారు, రసీదు నంబరు. ఆ తర్వాత దానివల్ల ఏమైంది, ఎంతమంది పిల్లలకి జ్వరాలొచ్చాయి. టైము ఉంటే మొదటి వాక్యమే మళ్లీ.

ప్రసంగ పాఠాల్లో అలన్ మన్రో అనే అమెరికన్ ప్రొఫెసరు 1930లలో చెప్పిన వరస ఒకటి ఉంది, ముందు దృష్టి ఆకర్షించు, అవసరం చూపించు, పరిష్కారం చెప్పు, అది జరిగితే ఎలా ఉంటుందో ఊహింపజెయ్యి, చివర్లో ఏం చేయాలో అడుగు అని. చాలా మంచి వరస, మీ వీధి వాళ్లందరినీ కూడగట్టడానికి మీటింగు పెట్టుకుంటే అదే వాడండి. అధికారి ముందు రెండు నిమిషాల్లో మాత్రం దాన్ని తిరగేయాల్సిందే.

ఏడుపు వస్తుందని భయపడకండి, అది తప్పేమీ కాదు. కాకపోతే గొంతు పట్టేసినా పని ఆగకూడదు. అందుకని మీ మొదటి కాగితం, అంటే పూర్తి వాక్యాలతో ఉన్నది, అందరి సంతకాలతో రెండు కాపీలు తీయించండి. ఒకటి మాట్లాడే ముందే అధికారి చేతిలో పెట్టండి, రెండోదాని మీద 'అందింది' అని సంతకం తీసుకోండి. మీ చేతిలో మాత్రం చిన్న చీటీ, దాని మీద అంకెలు, తేదీలు. గొంతు వణికినప్పుడు కళ్లు చీటీ మీద అంకె దగ్గరికి తీసుకెళ్లి ఆ అంకె చదవండి, అంకె చదివేటప్పుడు గొంతు కొంచెం సర్దుకుంటుంది. పక్కింటావిడని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మధ్యలో అడ్డు పడమని చెప్పి మరీ ఒకసారి ప్రాక్టీసు చేయండి. ఏమైందో మళ్లీ ఉత్తరం రాయండి, ఎదురుచూస్తాను.

ప్రశ్న: ఆఫీసులో ప్రెజెంటేషన్లు ఇస్తుంటాను. స్లైడ్లే నా అవుట్‌లైన్, వేరే కార్డు ఎందుకు? కావాలంటే ఫోనులో నోట్స్ పెట్టుకోవచ్చు కదా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ

జవాబు: స్లైడ్లు వినేవాళ్ల కోసం, అవుట్‌లైన్ మీ కోసం. రెండూ ఒకటే చేస్తే మీరు గుర్తుంచుకోవాల్సినవన్నీ తెర మీదకి ఎక్కిస్తారు, వాళ్లు చదువుకుంటారు, మీరు వాళ్ల వైపు వీపు పెట్టి అదే చదువుతారు. ముందు కాగితం మీద ఒక్క వాక్యం, మూడు పాయింట్లు రాసుకుని, వాటిలో దేనికి బొమ్మ కావాలో దానికే స్లైడు చేయండి. కొన్ని పాయింట్లకి అసలు స్లైడు అక్కర్లేదని మీకే తెలుస్తుంది.

ఫోను వద్దు. మాట్లాడుతుంటే లాక్ అయిపోతుంది, మధ్యలో మెసేజ్ వస్తుంది, చేత్తో జరుపుతుంటే చోటు తప్పిపోతుంది, చూసేవాళ్లకి మీరు ఇంకేదో చూసుకుంటున్నట్టు ఉంటుంది. కార్డులే వాడండి, ఒకటి కంటే ఎక్కువైతే పై మూలన నంబర్లు వేసుకోండి, చెయ్యి జారి కింద పడితే వరసగా ఏరుకోవడానికి.